కళ్ళపు కావలి – కాన్సరు చికిత్స

గురజాల సీమలో మిరపకాయలు కళ్ళములో ఎండుచున్న రోజులలో రాత్రి కావలి తప్పదు. అలికిడి కాగానే కావలివాడు కర్ర పట్టుకొని లేచును. వచ్చినది యజమాని అయినచో, ఆయన భుజము తట్టి "నేనేలేరా" అనగానే మరల కూర్చుండును. ఈ మర్మము తెలిసిన దొంగయే వచ్చి భుజము తట్టినచో? కర్ర చేతిలో ఉండగనే కళ్ళము దోపిడియగును. రాచపుండు, అనగా కాన్సరు, మన శరీరములో చేయుచున్నది ఇట్టి పనియే.

మన రక్తములోని తెల్లకణములలో టీ-కణములను తెగ యొకటి కలదు. రోగక్రిములు సోకిన కణములను, వికృతి చెందిన కణములను గుర్తించి చంపుట వీని ధర్మము. ఇవి స్వంత శరీరమునే బాధింపకుండుటకై ప్రకృతి వీనికి కళ్ళెములు వేసినది. జపానులో తసుకు హోంజో గారు 1992లో పీడీ-1 అను కళ్ళెమును కనుగొనిరి. సీటీఎల్ఏ-4 అను మరియొక కళ్ళెమును తొలగించినచో ఎలుకలలో కాన్సరు గడ్డలు కరగునని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ గారు 1996లో ప్రకటించిరి. ఇరువురికిని 2018లో నోబెల్ బహుమానము లభించినది.

యాంటీబాడీ అనునది ఒక మాంసకృత్తు. తాళమునకు తాళపుచెవివలె అది తన గుర్తునకే అతుకుకొనును. ప్రయోగశాలలో తయారుచేసి రక్తనాళముద్వారా ఎక్కించిన యాంటీబాడీ టీ-కణముపైగల పీడీ-1ను కప్పివేయును. ఇది కావలివాని భుజమునకు కవచము తొడుగుట వంటిది. ఇక దొంగ తట్టినను వానికి సోకదు. ఈ మందు తాను కాన్సరును చంపదు, చంపవలసినవానిని లేపును. ఇట్టి ఔషధములలో మొదటిది 2011లో అమెరికాలో అనుమతి పొందినది. 2015లో మెదడువరకు కాన్సరు ప్రాకిన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు గారు ఈ తెగ మందుతోడను, రేడియేషనుతోడను కోలుకొని, 2024లో నూరేండ్ల వయస్సున మరణించిరి.

అయితే ఇది అందరికి పనిచేయదు. లేచిన కావలివాడు ఒక్కొక్కప్పుడు యజమానినే కొట్టును. ప్రేవులు, ఊపిరితిత్తులు, థైరాయిడు గ్రంథి వాచుట కలదు. అన్నిటికి మించినది వెల. ఈ చిక్కునకు మన దేశముననే ఒక దారి కనబడినది. ముదిరిన తల, మెడ కాన్సర్లకు బొంబాయి టాటా ఆసుపత్రి వైద్యులు సాధారణ మోతాదులో పదవవంతుకంటె తక్కువగా, మూడు వారములకు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను చౌకయైన మాత్రలతో కలిపి యిచ్చిరి. ఏడాది దాటి జీవించినవారు నూటికి 16 నుండి 43కు పెరిగినట్లు 2022లో వారు ప్రకటించిరి.

ఆ మాత్రలలో ఒకటి మెథోట్రెక్సేటు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడపిన పరిశోధనలనుండి వెలువడిన మందు అది.

కావలివానిని లేపు విద్య వచ్చినదని దొంగను పిలువరాదు గదా! చుట్ట, బీడీ, ఖైనీ మానుట మేలు. నోటిలో పుండు మూడు వారములైనను మానకున్నచో వెంటనే వైద్యునికి చూపవలెను.