ఏడేళ్ల లోపు మరణం, పాతికేళ్ల విచారణ

హర్యానాలో ఒక అమ్మాయికి 1994 జులై 1న పెళ్లయింది. 1995 జులై 31న ఆమె కాలిన గాయాలతో చనిపోయింది. ఒళ్లు 85 శాతం కాలిపోయింది. 1997 డిసెంబరులో కింది కోర్టు దోషులకు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. వాళ్లు హైకోర్టుకు వెళ్లారు, అక్కడ అప్పీలు వీగిపోయేసరికి 2008 నవంబరు వచ్చింది. తర్వాత సుప్రీంకోర్టు. జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం వరకట్న మరణం కింద పడిన శిక్షను ఖాయం చేస్తూ తీర్పు చెప్పింది 2021 మే 28న. కాపురం సాగింది పదమూడు నెలలు. కేసు సాగింది దాదాపు ఇరవై ఆరేళ్లు.

ఈ తేదీల్లో ఒక విషయం గమనించాలి. విచారణ కోర్టు తన పనిని రెండున్నరేళ్లలోపే ముగించింది. మిగతా ఇరవై మూడేళ్లకు పైగా కాలాన్ని మింగేసింది అప్పీళ్లే. ఆలస్యం అనగానే మనం జిల్లా కోర్టుల్లో వాయిదాలనే తలచుకుంటాం. ఈ కేసులో నింద వాటిది కాదు.

ఇక దేశం మొత్తం లెక్క. జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం 2023లో వరకట్నానికి బలైన స్త్రీలు 6,156 మంది. అంటే రోజుకు పదిహేడు మంది, ఇంచుమించు గంటా ఇరవై అయిదు నిమిషాలకొకరు. 2011లో ఈ సంఖ్య 8,618, అంటే దాదాపు గంటకొకరు. పన్నెండేళ్లలో నూటికి 29 మేర తగ్గిందన్న మాట. తగ్గడం మంచిదే. కానీ ఈ అంకెను చూసి ఊపిరి పీల్చుకునే ముందు అది దేన్ని లెక్కిస్తోందో తెలుసుకోవాలి. పోలీసులు వరకట్న మరణం సెక్షన్ కింద నమోదు చేసిన కేసులే అందులోకి వస్తాయి. కడుపునొప్పి భరించలేక ఉరి వేసుకుందనో, వంట చేస్తుంటే స్టవ్ పేలిందనో రాసేసి మూసిన ఫైళ్లు రావు. హత్యగా నమోదైతే అది హత్యల పద్దులోకి పోతుంది. కట్నం కారణంగా జరిగిన హత్యలని బ్యూరో 2023లో విడిగా చూపినవి 833 ఉన్నాయి.

ఆ 6,156లో ఉత్తరప్రదేశ్‌వి 2,122, బిహార్‌వి 1,143. రెండు రాష్ట్రాలవే సగానికి మించాయి. బిహార్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశమంతటికీ కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అంతకు పదకొండేళ్ల ముందే, 1950లో, బిహార్ సొంత చట్టం తెచ్చుకుంది. 1958లో ఆంధ్రప్రదేశ్ కూడా తనకంటూ ఒక కట్న నిషేధ చట్టం చేసుకుంది. కేంద్ర చట్టంలోని పదో సెక్షన్ ఈ రెండిటినీ పేరుపెట్టి మరీ రద్దు చేసి వాటి స్థానంలోకి వచ్చింది. అందరికంటే ముందు మేల్కొన్న రెండు రాష్ట్రాల్లో మనదొకటి. అయినా మన పెళ్లిళ్లలో కట్నం ఎంత, ఆడపడుచు లాంఛనం ఎంత అన్న బేరం ఈనాటికీ ఆగలేదు.

1961 చట్టం కట్నం పుచ్చుకోవడాన్ని నేరమంది కానీ, కట్నం కోసం చంపడం గురించి ఏమీ చెప్పలేదు. 1970ల చివర ఢిల్లీలో, కూతుళ్లను పోగొట్టుకున్న తల్లులు, మహిళా సంఘాలు రోడ్డెక్కాకే చట్టసభ కదిలింది. 1983లో భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని శిక్షించే 498ఎ వచ్చింది. 1986 నవంబరులో వరకట్న మరణం అనే కొత్త నేరం, 304బి, వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఇవే 85, 80 సెక్షన్లు. నంబర్లు మారాయి కానీ సారం మారలేదు.

సెక్షన్ 80 అడిగేవి ఇవి. పెళ్లయిన ఏడేళ్లలోపు చనిపోయి ఉండాలి. కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో, మరే రకంగానో, మొత్తానికి అది మామూలు చావు కాకూడదు. భర్తో, అతని బంధువులో కట్నం కోసం ఆమెను వేధించి ఉండాలి. ఆ వేధింపు చావుకు కొద్ది ముందు జరిగి ఉండాలి. ఇవి రుజువైతే శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పడవచ్చు. ఆత్మహత్య అయినా సరే ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరు నిప్పంటించారు, ఎవరు ఉరి బిగించారు అని ప్రాసిక్యూషన్ నిరూపించనక్కరలేదు.

అసలు బలం సాక్ష్య చట్టంలో ఉంది. మామూలు కేసులో నేరం రుజువు చేసే భారమంతా ప్రాసిక్యూషన్‌ది. ఇక్కడ పై అంశాలు రుజువయ్యాక, ఆ చావుకు కారణం వాళ్లేనని కోర్టు భావించి తీరాలి. కాదని చూపుకోవాల్సింది నిందితులే. పాత సాక్ష్య చట్టంలో ఇది 113బి, కొత్త సాక్ష్య అధినియంలో 118. నాలుగు గోడల మధ్య జరిగే నేరానికి బయటి సాక్షి దొరకడు కాబట్టే చట్టం ఈ వెసులుబాటు ఇచ్చింది. ఏడేళ్లు దాటి ఒక్క రోజు గడిచినా ఈ సెక్షన్ పనికిరాదు. అప్పుడు క్రూరత్వం, ఆత్మహత్యకు ప్రేరేపణ, హత్య సెక్షన్లే దిక్కు.

ఇంత బలమైన ఆయుధం ఉన్నా 2012లో శిక్షలు పడిన శాతం 32. అంతకు ముందు ఏడాది 35.8. తీర్పు వచ్చిన ప్రతి మూడు కేసుల్లో ఒకదానిలోనే శిక్ష పడింది. మిగతా రెండూ ఎక్కడ జారిపోయాయి?

చాలా కేసులు ఆ ‘కొద్ది ముందు’ దగ్గర జారిపోతాయి. పెళ్లప్పుడు కట్నం అడిగారు, ఆర్నెల్లకు కొట్టారు, మూడేళ్లకు చనిపోయింది అంటే సరిపోదు. చివరి వారాల్లో, నెలల్లో ఏం జరిగిందో చెప్పాలి. ఎన్ని రోజుల ముందు అన్నదానికి చట్టంలో అంకె లేదు. హర్యానా కేసులో సుప్రీంకోర్టు దీన్ని విప్పి చెప్పింది. కొద్ది ముందు అంటే సరిగ్గా ఆ క్షణానికి ముందని కాదు, వేధింపుకీ మరణానికీ మధ్య తెగిపోని సంబంధం కనిపించాలని. ఈ మాట ఆడపిల్ల తరఫు వారికి ఊరటే. కానీ ఆ సంబంధాన్ని చూపాల్సింది సాక్షులు, కాగితాలు, ఫోన్లు.

మరికొన్ని కేసులు, అడిగింది అసలు కట్నమేనా అన్న దగ్గర వీగిపోయాయి. 2007లో ఒక మహారాష్ట్ర కేసులో ఇంటి ఖర్చులకు, ఎరువు కొనడానికి డబ్బు తెమ్మనడం కట్నం కిందకు రాదని సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు చేతిలో పెట్టుకుని ఎందరో బయటపడటానికి చూశారు. 2015లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అది సరైన న్యాయం కాదని పక్కన పెట్టింది. 2022 జనవరిలో ఒక మధ్యప్రదేశ్ కేసులో, ఇల్లు కట్టుకోవడానికి పుట్టింటి నుంచి డబ్బు తెమ్మనడమూ కట్నమేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో చనిపోయిన ఆ అమ్మాయి అప్పటికి అయిదు నెలల గర్భిణి. వరకట్న మరణం కింద హైకోర్టు కొట్టేసిన దోష నిర్ధారణ దాదాపు ఇరవై ఏళ్లకు తిరిగి నిలబడింది. వ్యాపారం పెట్టుబడి, ప్లాటు రిజిస్ట్రేషన్, అమెరికా వీసా ఖర్చు అని ఏ పేరు పెట్టినా పెళ్లితో ముడిపడి అడిగితే అది కట్నమే.

అన్నిటికంటే ఎక్కువగా కేసును నిలబెట్టేదీ, పడగొట్టేదీ మొదటి రోజే అని నేను నమ్ముతాను. ఏడేళ్లలోపు చనిపోయిన వివాహిత శవానికి మేజిస్ట్రేటు స్థాయిలో పంచనామా జరగాలి, పోస్టుమార్టం తప్పనిసరి. మన దగ్గర సాధారణంగా తహసీల్దారు వచ్చి పంచనామా చేస్తారు, డీఎస్పీ లేదా ఏసీపీ దర్యాప్తు చేస్తారు. ఆస్పత్రి మార్చురీ ముందు, ఏడుపుల మధ్య, ఒక కానిస్టేబులు తెల్లకాగితం మీద తల్లిదండ్రుల మాటలు రాసుకుంటాడు. ‘కట్నం కోసం వేధించేవారు’ అన్న ఒక్క వాక్యంతో ఆ కాగితం ముగిసిపోతుంది. ఎంత అడిగారు, ఎవరు అడిగారు, ఏ పండగకు వచ్చినప్పుడు చెప్పింది, చివరిసారి ఫోనులో ఏమంది, ఇవేవీ అందులో ఉండవు. ఏళ్ల తర్వాత బోనులో నిలబడి ఆ తల్లి అన్నీ చెబుతుంది. అప్పుడు డిఫెన్సు వకీలు లేచి, ‘ఇవన్నీ అప్పుడు పోలీసులకు చెప్పారా?’ అని అడుగుతాడు. ఆమె చెప్పే ఉండవచ్చు. కాగితం మీద మాత్రం లేదు.

2025 జనవరి 31న సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే ఒక భర్తను నిర్దోషిగా వదిలేసింది. అదీ హర్యానాదే. 1996లో పెళ్లి, 1998 ఏప్రిల్లో మరణం. కింది రెండు కోర్టులూ శిక్ష వేశాయి. తల్లి కోర్టులో చెప్పిన ముఖ్యమైన విషయాలు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో లేవన్నది సుప్రీంకోర్టు దృష్టిలో పెద్ద లోపమైంది. ఈ సెక్షన్ విషయంలో విచారణ కోర్టులు పదేపదే అవే తప్పులు చేస్తున్నాయనీ, రాష్ట్ర జ్యుడీషియల్ అకాడమీలు కల్పించుకోవాలనీ న్యాయమూర్తులు రాశారు. దాదాపు ఇరవై ఏడేళ్లకు వచ్చిన ఈ తీర్పు ఇరుపక్షాలకూ అన్యాయమే. అతను నిర్దోషి అయితే అన్నేళ్లు నేరస్థుడి ముద్రతో బతికాడు, దోషి అయితే ఆమెకు న్యాయం జరగలేదు.

ఇంకో లోపం పుట్టింటివారి కోపం నుంచి పుడుతుంది. అత్త, మామ, మరిది, పెళ్లయి వేరే ఊళ్లో ఉంటున్న ఆడపడుచు, ఆమె భర్త, అందరి పేర్లూ ఫిర్యాదులోకి ఎక్కుతాయి. ఇలా చుట్టాలందరినీ ఇరికించే ధోరణి అసలు దోషుల మీది కేసునే బలహీనపరుస్తుందని 2000లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరులో 498ఎ దుర్వినియోగం గురించీ గట్టిగానే మాట్లాడింది. దాన్ని పట్టుకుని వరకట్న కేసులన్నీ అబద్ధాలే అని ప్రచారం చేసేవారికి నాదొక్క మాట. 498ఎలో ఫిర్యాదు చేసిన మనిషి బతికి ఉంటుంది. సెక్షన్ 80 కేసులో ఉండేది పోస్టుమార్టం రిపోర్టు.

రాజీ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 498ఎ కేసులో కోర్టు అనుమతితో రాజీపడవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చట్టం సవరించుకుంది. వరకట్న మరణానికి ఆ వీలు ఎక్కడా లేదు. కానీ కోర్టు బయట పెద్దమనుషులు కూర్చుంటారు. ‘పోయిన పిల్ల ఎలాగూ తిరిగిరాదు, ఉన్న పసిదాని సంగతి చూడండి’ అంటారు. బంగారం తిరిగొస్తుంది, మనవరాలి పేర ఎంతో కొంత డిపాజిట్ పడుతుంది, సాక్షులు కోర్టులో ఎదురుతిరుగుతారు. పేదింటి తండ్రిని నేను తప్పుపట్టలేను. అయితే ఆ తండ్రికి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఏడేళ్లలోపు అసహజంగా చనిపోతే ఆమె కట్నం ఆస్తి పిల్లలకు, పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు చెందాలని కట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ అంటోంది. హక్కుగా రావాల్సినదాన్నే రాజీకి ధరగా చూపిస్తున్నారు.

పని జరగాలంటే జరుగుతుందని చూపిన కేసూ ఉంది. కేరళలో 2021 జూన్‌లో ఆయుర్వేద వైద్యం చదువుతున్న యువతి అత్తింట్లో చనిపోయింది. వంద సవర్ల బంగారం, ఎకరానికి పైగా భూమి, కారు ఇచ్చినా ఆ కారు నచ్చలేదని భర్త వేధించాడు. ఆమె బంధువులకు పంపిన వాట్సాప్ మెసేజీలు, ఒంటి మీది దెబ్బల ఫొటోలు, ఫోన్ రికార్డింగులు కోర్టు ముందుకొచ్చాయి. 2022 మే నెలలో, పదకొండు నెలలకు, కొల్లం కోర్టు భర్తకు పదేళ్ల జైలు, పన్నెండున్నర లక్షల జరిమానా వేసింది. అప్పీలు హైకోర్టులో ఉండగానే 2025 జులైలో సుప్రీంకోర్టు అతని శిక్షను నిలిపి బెయిలిచ్చింది. అప్పీళ్ల దశ అక్కడా నెమ్మదే.

చావు దాకా రాకముందే ఆపాల్సిన కట్న నిషేధ చట్టం పరిస్థితి ఇంకా దిగులు పుట్టిస్తుంది. 2023లో ఆ చట్టం కింద కొత్తగా నమోదైనవి 15,489 కేసులు. కోర్టుల్లో విచారణలో ఉన్నవి 83,327, అందులో 69,434 పాత ఏళ్లవే. ఆరింట అయిదు పాతవన్న మాట. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ఉత్తరప్రదేశ్ కేసులో శిక్షను పునరుద్ధరించింది. కలర్ టీవీ, మోటార్ సైకిల్, పదిహేను వేల రూపాయల కోసం 2001లో నిప్పంటించి చంపేసిన ఇరవై ఏళ్ల అమ్మాయి కేసది. ఇరవై నాలుగేళ్లు పట్టిందన్న బాధతోనే కాబోలు, 304బి, 498ఎ కేసులు ఎన్ని పేరుకున్నాయో లెక్క తీసి త్వరగా తేల్చమని హైకోర్టులను కోరింది. కట్న నిషేధ అధికారులు ఎవరో, వారి ఫోన్ నంబర్లేమిటో జనానికి తెలియజేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు నా విన్నపం. అమ్మాయి ఫోన్ చేసి అత్తింటివారు డబ్బు అడుగుతున్నారని చెబితే, ఆ తేదీ, అడిగినవారి పేరు, అడిగిన మొత్తం రాసిపెట్టండి. మెసేజీ చెరపకండి. కట్నం ఇచ్చామని చెబితే మన మీదే కేసు పడుతుందని భయపడకండి, బాధితులు చెప్పిన మాట ఆధారంగా వారిపై ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని ఏడో సెక్షన్ రక్షణ ఇస్తోంది. సర్దుకుపొమ్మని బస్సెక్కించే ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఒక్కసారి ఫోన్ చేయండి. ఆమె బతికుండగా పెట్టిన ఫిర్యాదు ఆమెనే కాపాడగలదు.