మీకు తెలుసా? వేసవికి ముందే స్ప్రింక్లర్‌కు స్నానం
జంషెడ్‌పూర్‌కు ఇంకా పునాదైనా పడని 1902లోనే, పచ్చికకూ తోటలకూ బోలెడంత చోటు వదలమని జంషెట్జీ టాటా కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశారు. ఆ ఊళ్లోని సిద్ధగోరాలో లాన్ ఉన్నవాళ్లు ఫాల్గుణంలో స్ప్రింక్లర్ తిప్పేముందు నాజిల్ చూసుకోవాలి.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అందుకే కెనడాలో చలికి ముందే పైపులు ఖాళీ చేస్తారు. మనకా బెడద లేదు. మట్టి, చీమలతోనే తంటా. పైపు చివరి మూత విప్పి, వాల్వు మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తెరిస్తే నీటి దెబ్బకు జాయింట్లు ఊడొచ్చు. బురదనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చాకే నాజిళ్లు బిగించాలి. సున్నం పడితే వెనిగర్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూదితో పొడిచారో, రంధ్రం పెద్దదై ఒకచోట మడుగు, ఇంకోచోట ఎండుగడ్డి!