రాలే జుట్టూ చికిత్సలో భాగమే

1983లో ఆస్ట్రేలియా వైద్యులు కొందరు కీమోథెరపీ తీసుకుంటున్న రోగులనే అడిగారు, ఈ చికిత్సలో మిమ్మల్ని అన్నిటికంటే బాధపెడుతున్నది ఏమిటని. మొదటి జవాబు వాంతులు, రెండోది వికారం, మూడోది జుట్టు రాలిపోవడం. అప్పట్లో వాంతులను కూడా ఓర్చుకోక తప్పని బాధగానే చూసేవారు. తర్వాత వాంతులను ఆపే ఒండాన్‌సెట్రాన్ అనే మందు వచ్చింది. 1991లో అమెరికాలో దానికి అనుమతి దొరికింది. ఇవాళ సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందు ఎక్కించే ముందు వాంతుల మందు ఇవ్వడం మామూలు పద్ధతి. జుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన మాట నలభై ఏళ్ల కిందటే ఆగిపోయింది: ‘ప్రాణం కంటే జుట్టు ఎక్కువా?’ ఆ ప్రశ్నే సరైంది కాదని నా వాదన. జుట్టు సంగతి మొదటి సెలైన్ పెట్టకముందే డాక్టరు మాట్లాడాలి, ఇంట్లోవాళ్లు చెవిన పెట్టాలి.

అండాశయంలో అరుదుగా వచ్చే జెర్మ్ సెల్ క్యాన్సర్ల విషయంలో ఇది మరీ అవసరం. అండాశయ క్యాన్సర్ అనగానే యాభై దాటిన స్త్రీలే మనకు గుర్తొస్తారు. అండాలకు మూలమైన కణాల్లో పుట్టే ఈ రకం ఎక్కువగా పదేళ్ల నుంచి ముప్పై లోపు వాళ్లకు వస్తుంది. అంటే కాలేజీ వయసు, పెళ్లి సంబంధాల వయసు. ఊరటేమిటంటే ఇది మందుకు బాగా లొంగుతుంది. తొలి దశలో పట్టుకుంటే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమవుతుంది. చాలామందికి వ్యాధి సోకిన అండాశయం ఒక్కటే తీసి, రెండోదాన్నీ గర్భసంచినీ ఉంచుతారు. కీమో అవసరమైతే బ్లియోమైసిన్, ఎటొపొసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపి 21 రోజులకు ఒకటి చొప్పున మూడు నాలుగు సైకిళ్లు ఇస్తారు. వేగంగా విభజన చెందే కణాలను ఇవి దెబ్బతీస్తాయి. మన తల మీద ఉండే సుమారు లక్ష కుదుళ్లలో పదింట తొమ్మిది వంతులు ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి కనుక ఆ దెబ్బ వాటికీ తగులుతుంది. చికిత్స మొదలైన రెండు మూడు వారాలకు జుట్టు కుచ్చులుగా ఊడివస్తుంది. కనుబొమ్మలు, రెప్పవెంట్రుకలు కూడా పోవచ్చు. ఎంత రాలితే మందు అంత బాగా పనిచేస్తున్నట్టని కొందరు నమ్ముతారు. అది నిజం కాదు.

‘బతికితే చాలు, జుట్టు మళ్లీ వస్తుంది’ అన్న మాటలో అబద్ధం లేదు. ఆఖరి డోసు తర్వాత ఒకటి నుంచి మూడు నెలల్లో సాధారణంగా మళ్లీ మొలుస్తుంది. కానీ కీమో తీసుకుంటున్న అమ్మాయి ప్రాణానికి బదులు జుట్టు అడగడం లేదు. తన జబ్బు ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదన్న నిర్ణయం జుట్టుతోపాటే ఆమె చేజారిపోతుంది. స్కాన్ రిపోర్టును బీరువాలో దాచుకోవచ్చు, తలను దాచుకోలేదు. తిరుమలలో ఆడవాళ్లు తలనీలాలు ఇవ్వడం లేదా, ఇదీ అలాగే అనుకో అని ఓదార్చేవాళ్లు ప్రేమతోనే అంటారు. అక్కడ మొక్కుకున్నదీ తనే, రోజు ఎంచుకున్నదీ తనే. చూసినవాళ్లంతా దాన్ని పుణ్యమంటారు. ఇక్కడ వీటిలో ఒక్కటీ లేదు. పైగా కొన్ని కులాల్లో భర్త పోయిన స్త్రీకి తల గొరిగించిన రోజులు మరీ పాతవి కావు. ఆడవాళ్ల బోడితల మీద పడే చూపుల్లో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది.

చేయగలిగింది కొంత ఉంది. మందు ఎక్కించేటప్పుడు తలను చల్లబరిచే టోపీ పెడితే రక్తనాళాలు కుంచించుకుని కుదుళ్లకు మందు తక్కువగా చేరుతుంది. 2017లో రొమ్ము క్యాన్సర్ రోగుల మీద వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, టోపీ పెట్టుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి సగానికి పైగా జుట్టు నిలిచింది. పెట్టుకోనివాళ్లలో ఒక్కరికీ నిలవలేదు. కానీ వరసగా ఐదేసి రోజులు సాగే జెర్మ్ సెల్ చికిత్సలో దాన్ని వాడటం కష్టం, ఖర్చూ ఎక్కువే. మరి మందు మారిస్తే? మామూలు రకం అండాశయ క్యాన్సర్ తిరగబెట్టినవాళ్ల మీద జరిపిన కాలిప్సో అధ్యయనంలో, కార్బోప్లాటిన్‌కు తోడుగా పాక్లిటాక్సెల్ ఇచ్చినప్పుడు సుమారు 84 శాతం మందికి జుట్టు బాగా రాలింది. దాని బదులు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ ఇస్తే అది 7 శాతమే, వ్యాధి అదుపు ఏమీ తగ్గలేదు. అలాంటిచోట వేరే మందు ఉందా అని రోగి నిస్సంకోచంగా అడగాలి. జెర్మ్ సెల్ క్యాన్సర్‌లో మాత్రం నయం చేసే మందులను జుట్టు కోసం మార్చకూడదు, డోసు తగ్గించకూడదు. అప్పుడు మిగిలేది ముందుగా చెప్పడం. ఏ వారంలో రాలుతుందో తెలిస్తే ముందే పొట్టిగా కత్తిరించుకోవచ్చు, తన జుట్టు రంగుకు, పాపిటకు సరిపోయే విగ్గు ఎంచుకోవచ్చు. విగ్గా, స్కార్ఫా, ఏదీ లేకుండానా అన్నది అమ్మో అత్తో కాక ఆమే తేల్చుకోవాలి. కొత్త జుట్టు మొదట ఉంగరాలు తిరిగి, రంగు మారి రావచ్చని కూడా అప్పుడే చెబితే, అద్దంలో దాన్ని చూసి ఇదేం కొత్త జబ్బోనని ఆమె బెదిరిపోదు.