కంబళి

అనంతపురము జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. పైరు తప్పిన యేడు కూడ గొఱ్ఱెలమంద కురుబలను ఆదుకొనును.

దక్కను గొఱ్ఱెల నల్లని ముతక ఉన్నిని కత్తిరించి ఏకిన పిమ్మట స్త్రీలు దారము వడకుదురు. పోగులు రేగకుండ చింతగింజల గంజి పట్టించి, పురుషులు గుంటమగ్గముపై కంబళి నేయుదురు. నేసినదానిని మరల కత్తిరింప నక్కఱలేదు, దర్జీతో పనిలేదు. ఒక కొస మడిచి తలపై ముసుగిడినచో కాపరికి అదియే గొడుగు. భుజములపై కప్పినచో అంగీ. నేలపై పఱచినచో పడక. దట్టమైన ఉన్ని వాననీటిని త్వరగా లోనికి దిగనీయదు.

నేడు మాంసమునకై, ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెల పెంపకము హెచ్చినది. కంబళి నిలువవలెనన్న మగ్గముతోపాటు మందను గూడ కాపాడవలెను.