ఊరి కబురు ఊరివారి చేతిలో

మీ గ్రామానికి కంప్యూటరు, దానితో ఒక వెబ్‌సైటు వచ్చిన పక్షంలో వాటిని నడిపేదెవరు? ఖరీదు విచారించే ముందు ఈ సంగతి ఆలోచించండి.

1998లో పాండిచ్చేరి పరిసర గ్రామాలలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ సమాచార కేంద్రాలు నెలకొల్పింది. యంత్రాలు సంస్థ ఇచ్చేది. చోటు, మనుషులు గ్రామం సమకూర్చాలి. ఎంబలంలో ఆలయ ప్రాంగణమే కేంద్రమయింది. స్థానిక స్వచ్ఛంద సేవకులు ధాన్యం ధరలు, విత్తనాల, ఎరువుల ధరలు, ప్రభుత్వ పథకాల వివరాలు సేకరించి తమిళంలో అందించేవారు. నిన్నటి ధర నేడు చెబితే రేపు ఎవరూ రారు గనుక ఈ పని ఏ రోజుకారోజు జరగవలసిందే. డీలరు మిత్రులు తమ దుకాణంలోని నిల్వ, ధర స్వయంగా తెలియజేస్తే ఆ శ్రమ సగం తగ్గుతుంది.

వీరాంపట్టినం మత్స్యకారుల ఊరు. అక్కడ అలల ఎత్తును అమెరికా నౌకాదళం వెబ్‌సైటు నుండి గ్రహించి మైకులో వినిపించేవారు. వేటకు బయలుదేరేవారికి తెర ముందు కూర్చునే తీరికేది? మైకే మేలు.

2004 డిసెంబరు 26న నల్లవాడు గ్రామానికి సింగపూరు నుండి ఫోను వచ్చింది. చేసినది లోగడ అక్కడి కేంద్రంలో సేవ చేసిన యువకుడే. సునామీ వార్త విని, ఊరు ఖాళీ చేయమన్నాడు. గ్రామస్థులు కేంద్రం తలుపు పగులగొట్టి మైకులో హెచ్చరించారు. (మీరు మాత్రం తాళంచెవులు రెండు చేయించి, ఒకటి పొరుగింట ఉంచండి.) ఇళ్లు, పడవలు పోయినా ఊరివారి ప్రాణాలు దక్కాయి.