కొరమీను కోసం పోతే అరచేతిలో బల్లెం

కోడేరు: మృగశిర కార్తె నాడు పొయ్యి మీద చేప ఉడకని ఇల్లు ఈ ప్రాంతంలో తక్కువ. రోహిణి ఎండలకు కాగిన ఒళ్లు తొలకరి చల్లదనానికి తట్టుకోవాలంటే ఆ రోజు చేప తినాలని పెద్దల మాట. అందులో వైద్యమెంతో అలవాటెంతో గాని, కార్తెకు ముందు రోజు నుంచే కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ మార్కెట్లలో చేపల ధరలకు రెక్కలొస్తాయి. కొరమీను సంగతి ఇక చెప్పనక్కర లేదు.

2023 జూన్ 7వ తేదీ రాత్రి కోడేరు మండలంలోని ఒక గ్రామంలో ముగ్గురు బల్లాలు పట్టుకుని చెరువులోకి దిగింది ఆ కొరమీను కోసమే. ఒకాయనకు యాభై అయిదేళ్లు దాటాయి. ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. చిన్ననాడే తండ్రి వెంట రాత్రిళ్లు బల్లెంతో తిరిగినవాడు. రెండవవాడు ఆయన చెల్లెలి కొడుకు. హైదరాబాదులో సెంట్రింగు పని చేసుకుంటూ పండుగకు, పబ్బానికి ఊరికి వస్తుంటాడు. మూడవవాడు పక్కింటి కుర్రవాడు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఊళ్లో నవ్వుతారని, తమ పేర్లు వేయవద్దని ముగ్గురూ కోరారు.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురికి కార్తె నాడు కొరమీను పులుసు పెట్టాలని పెద్దాయన కోరిక. కావలసింది ఒక్క చేప. అనుకున్నది రెండు గంటల పని. తెల్లవారేసరికి చేప ఇంటికి రాలేదు సరిగదా, మేనల్లుడు కుడిచేతికి కట్టుతో కొల్లాపూర్‌లో ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నాడు.

బల్లెమంటే పట్నం పాఠకులకు పురాణాల్లోని ఆయుధం గుర్తుకు రావచ్చు. ఇది అంత గొప్పది కాదు. ఆరేడు అడుగుల వెదురు కర్ర, దాని కొనకు వేళ్లు చాచినట్టు అయిదు ఇనుప పండ్లు. పూర్వం కమ్మరి కొలిమిలో కాల్చి సాగదీసి ఇచ్చేవాడు. ఇప్పుడు సన్నటి చువ్వ ముక్కలను సానపట్టి వెల్డింగు షాపులో అతికిస్తున్నారు. ప్రతి పంటికీ కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. గాలానికి ఉండేదీ ఇలాంటిదే. లోపలికి సులువుగా దిగుతుంది, వెనక్కి లాగితే మాంసాన్ని చీల్చుకుని గాని రాదు. గుచ్చుకున్న చేప ఎంత గింజుకున్నా జారిపోకుండా ఆపేది అదే.

విదేశాల్లో సముద్రంలో మునిగి, రబ్బరు పట్టీలతో పనిచేసే తుపాకీ వంటి సాధనంతో చేపలను కొట్టడం ఒక ఆటగా సాగుతున్నది. మన పల్లెల్లో అది ఆట కాదు. ఎండాకాలం నీళ్లు ఇంకిన చెరువులో, వల ఆడని తుంగలోనూ జమ్ములోనూ నక్కిన చేపను పట్టే ఉపాయం. పైగా బల్లాన్ని విసరరు. రెండు చేతులా పట్టి నిలువునా పొడుస్తారు.

ఇందుకు కొరమీనే తగిన చేప. మొప్పలున్నా వాటితో దానికి చాలదు. కాసేపటికొకసారి నీటి పైకి మూతి పెట్టి గాలి పీల్చుకుని పోవాలి. అందువల్లనే మిగతా చేపలు చచ్చే బురదలో కూడా అది బతుకుతుంది. అందువల్లనే బల్లానికీ దొరుకుతుంది. మూతి పెట్టిన చోట నీరు చిన్నగా కదిలి బుడగ లేస్తుంది. తెలిసిన కన్ను ఆ జాడ పట్టుకుంటుంది. ముళ్లు తక్కువ, కండ ఎక్కువ కనుక దీనికి గిరాకీ మెండు. 2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా గౌరవించింది కూడా ఈ కొరమీనునే.

దీనికి మరో గుణం ఉంది. గుడ్లు పెట్టి తన దారిన తాను పోయే చేప కాదిది. పిల్లలు ఎర్రెర్రగా గుంపు కట్టి నీటి పైన కదులుతుంటే కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంది. దగ్గరికి వచ్చిన దేనినైనా తరుముతుంది. బల్లెం వేటగాడికి ఇంతకన్నా సులువైన గురి ఉండదు. అయినా పిల్లల గుంపు కింద పొడవకూడదని పాతవారు కట్టుబాటు పెట్టుకున్నారు. పెద్ద చేప పోతే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. తూటాలు పేల్చి, నీళ్లలో మందు కలిపి చేపలు పట్టడాన్ని నిజాం కాలం నాటి 1357 ఫసలీ చట్టమే నిషేధించింది. పిల్లల గుంపు సంగతి మాత్రం ఏ కాగితం మీదా రాసుకోకుండానే చాలా ఊళ్లలో నడిచింది.

ఆ రాత్రి విషయానికి వస్తే, పౌర్ణమి వెళ్లి మూడు రోజులే అయింది. చంద్రుడు పొడిచేలోపే పని ముగించాలని ఎనిమిది దాటగానే బయలుదేరారు. వెన్నెల ఉంటే లైటు వెలుగు నీటిలోకి సరిగా దిగదని పెద్దాయన అనుభవం. వెనుకటి రోజుల్లో కాగడాలు, తర్వాత పెట్రోమాక్సు లైట్లు వాడేవారు. ఈసారి మేనల్లుడు హైదరాబాదు నుంచి తలకు కట్టుకునే బ్యాటరీ లైటు తెచ్చాడు. బల్లాలు రెండు. కుర్రవాడి చేతిలో సంచి.

మొదటి చేప అలుగు వైపు తుంగ పక్కన కనబడింది. మేనల్లుడు పొడిచాడు. బురద లేచింది, చేప పోయింది. "కిందికి కొట్టాలె అల్లుడా, కనబడ్డ కాడ చేప ఉంటదా?" అని పెద్దాయన కసురుకున్నాడు.

ఆయన చదువుకోలేదు గాని చెప్పింది బడిపుస్తకంలోని పాఠమే. నీటిలో ఉంచిన కర్ర వంగినట్టు కనబడుతుంది గదా. అదే కారణం వల్ల నీటిలోని చేప ఉన్నదాని కన్న పైన ఉన్నట్టు కనబడుతుంది. నిలువుగా చూస్తే నాలుగడుగుల లోతున ఉన్నది మూడడుగుల్లోనే ఉన్నట్టు తోస్తుంది. మోకాటిబంటి నీళ్లలో ఈ తేడా కొద్దిపాటిదే. నీళ్లు నడుము దాటితే మాత్రం చేయి తిరిగినవాడికి కూడా గురి తప్పుతుంది.

ఒకప్పుడు మృగశిర నాటికి ఆ చెరువులో మోకాలికి మించి నీళ్లుండేవి కావు. తూము దగ్గర ఒక మడుగు, అక్కడక్కడ బురద. మిగతా శిఖమంతా పశువులు మేసేవి. కల్వకుర్తి ఎత్తిపోతల పథకం వచ్చాక సంగతి మారింది. శ్రీశైలం వెనుక జలాలను కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరులో ఎత్తి, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టుల మీదుగా మూడు దశల్లో పైకి పంపుతున్నారు. కాల్వల నీరు అందిన చెరువులు మంచి సంవత్సరాల్లో ఎండాకాలం కూడా నిలుస్తున్నాయి. ఈ చెరువూ అట్లాగే నిలిచింది. రెండో పంట పండింది, బోర్లలో ఊట పెరిగింది. కృష్ణా నీళ్లు వద్దనేవారు ఆ ఊళ్లో ఎవరూ లేరు. బల్లెం పట్టినవాడి లెక్క మాత్రం తప్పింది.

నీళ్లొక్కటే అయితే గట్టు వెంబడి తిరిగి వచ్చేవారే. చెరువు అడుగు కూడా మారింది. నీరు తగ్గిన ఏడాదల్లా పొలాలకు ఒండ్రు కోసం, ఇండ్లకూ బాటలకూ మొరం కోసం యంత్రాలతో తవ్వుకుపోయారు. ఎవరికి ఎక్కడ వీలయితే అక్కడ. మనుషులు గంపలతో తవ్వినప్పుడు గుంత వాలుగా ఉండేది, దిగినవాడు ఎక్కి రాగలిగేవాడు. యంత్రం నిలువునా కోస్తుంది. నీళ్లు నిండాక పైకి అంతా సమానంగానే కనబడుతుంది. ఇటువంటి గుంతల్లో ఈతకు దిగిన పిల్లలు చనిపోయారన్న వార్తలు ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉంటాయి.

మొదటి చేప తప్పిన అరగంటకు ఎర్రటి పిల్లల గుంపు కనబడింది. కింద పెద్ద చేప నల్లగా, మోచేయంత పొడవున మెదులుతున్నది. కార్తె ముందు రాత్రి ఒక్క పోటుతో అయిపోయే పని. పెద్దాయన బల్లెం దించేశాడు. "పిల్లల తల్లి గదా, పోనియ్యి" అన్నాడట. "ఇంట్ల పిల్లకు తల్లి చేపను వండి పెడ్తమా?" అని కూడా అన్నాడని కుర్రవాడు చెప్పాడు. మేనల్లుడికి అది నచ్చలేదు. హైదరాబాదు నుంచి పని మానుకుని వచ్చింది చేప కోసం గదా! విసురుగా పక్కకు తిరిగి లోపలికి నాలుగడుగులు వేశాడు. నడుంబంటి నీళ్లు. అయిదో అడుగుకు కింద నేల లేదు.

అతనికి ఈత రాదు. చేతిలోని బల్లెం జారిపోయింది. లైటు తలనుంచి ఊడి నీళ్లలో కిందికి పోతూ కాసేపు వెలిగింది. ఆ వెలుతురులోనే పెద్దాయనకు గుంత అంచు కనబడింది. కత్తితో కోసినట్టు నిలువుగా ఉందట. ఆ తర్వాత చీకటి. కుర్రవాడు గట్టుకు పరుగెత్తి కేకలు పెట్టాడు. పెద్దాయన అంచు మీద కాళ్లు తన్నిపెట్టి చేతిలోని బల్లాన్ని ముందుకు చాచాడు. కర్ర వైపు తిప్పి ఇచ్చే వ్యవధి లేదు. మునుగుతున్నవాడు చేతికందినది పట్టుకున్నాడు. అందినవి పండ్లు.

ఒక పన్ను కుడి అరచేతిలో బొటనవేలి కింద దిగింది. చేపను విడవని ముల్లు అతన్నీ విడవలేదు. ఆ ముల్లు పట్టు మీద, ఎడమ చేత్తో దొరకబుచ్చుకున్న కర్ర మీద అతను గట్టుకు వచ్చాడు. గుంతలో ఉన్నది రెండు మూడు నిమిషాలకు మించదని కుర్రవాడి అంచనా. ముగ్గురికీ అది చాలాసేపు అనిపించింది.

గట్టున కూర్చోబెట్టగానే మేనల్లుడు మొదట చేయబోయిన పని ముల్లును లాగెయ్యడం. "మామా, గుంజు! నొప్పి తట్టుకుంటలేను" అని ఏడ్చాడు. పెద్దాయన గుంజలేదు. చేప నోటి నుంచి ముళ్లు తీసిన అనుభవం ఉన్నవాడు కాబట్టి, లాగితే ఎంత మాంసం వస్తుందో ఆయనకు తెలుసు. తువ్వాలను తడిపి చేయి కదలకుండా కర్రకే కట్టాడు. ఆరడుగుల కర్ర చేతికి వేలాడుతుంటే ఆటోలో ఎక్కించడం వీలు కాలేదు. వెల్డింగు షాపు అతన్ని నిద్ర లేపారు. అతను కటింగు మిషను ముట్టుకోకుండా, ఇనుము వేడెక్కితే చేయి కాలుతుందని, రంపం బ్లేడుతో నెమ్మదిగా పన్నును మొదట్లో కోసి వేరు చేశాడు. అప్పటికి చంద్రుడు పొడిచాడు. ఆలోచించిన అతని చేతులకు దండం పెట్టాలి.

ఆస్పత్రిలో డాక్టరు మత్తు సూది ఇచ్చి, తోలు కోసి ముల్లును తీశారు. ధనుర్వాతం టీకా వేశారు. లాగకుండా, పసుపూ సున్నమూ పూయకుండా తెచ్చినందుకు మెచ్చుకున్నారు కూడా. గుచ్చుకున్న ఇనుమును ఇంటి దగ్గర పెరికితే నరాలు తెగవచ్చు, నెత్తురు ఆగకపోవచ్చు. చెరువు బురద సోకిన గాయం పైకి మానినా లోపల చీము పట్టవచ్చు. ఆ చేత్తో మూడు వారాలు సెంట్రింగు పని సాగలేదు. కూలి పోయింది. బొటనవేలు మాత్రం కదులుతున్నది.

మృగశిర నాడు ఆ ఇంట్లో వండింది మార్కెట్లో కొన్న బొచ్చె. కూతురు తిన్నది, పెద్దాయన తినలేదు. "పరాయి చెరువైతే దిగంగనే బల్లెం తిరగేసి కర్రతో అడుగు చూస్తుంటిమి. మా నాయిన నేర్పిన మొదటి పని అదే. మన చెరువే గదా అనుకున్న" అని ఆయన వచ్చినవారందరితో అన్నాడు.

గుంతలు ఎవరు తవ్వారన్న చర్చ ఊళ్లో రెండు రోజులు గట్టిగానే సాగింది. ఒండ్రు తమ పొలానికి తోలుకోని ఇల్లు దాదాపు లేదు కనుక అది ఎటూ తేలకుండా ఆగిపోయింది. ఈలోగా పెద్దాయన మరో ఇద్దరు సంఘ సభ్యులను వెంటబెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని పట్టపగలు చెరువులోకి దిగాడు. పొడవాటి వెదురు కర్రతో అడుగు చూసుకుంటూ, గుంత తగిలిన చోటల్లా అంచున ఒక బొంగు పాతి దానికి ఎర్రగుడ్డ కట్టాడు. సాయంత్రానికి పదకొండు బొంగులు నిలిచాయి. రెండు గుంతల్లో వెదురు కర్ర మొత్తం దించినా అడుగు తగలలేదు.