గోజాను దొరికింది... దారే తేలలేదు!

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని కుటుంబాలు శుక్రవారం పొద్దువాలే వేళ దీపాలు వెలిగించి సబ్బాతు మొదలుపెడతాయి. మాటలు తెలుగు, ప్రార్థనలు హీబ్రూ! తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతివాళ్లమని, 'బెనె ఎఫ్రాయీమ్' అని చెప్పుకుంటారు. మాదిగ సామాజిక వర్గానికి చెందిన వీరిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. 1990ల తొలినాళ్లలో ఊళ్లో చిన్న ప్రార్థనా మందిరమూ కట్టుకున్నారు.

మరి ఆ గోత్రంవాళ్లు ఎటు వెళ్లారు? క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సేనలు షోమ్రోనును పట్టుకున్నాయి. అక్కడివాళ్లను హాలహు, హాబోరు, గోజాను, మాదీయుల పట్టణాలకు తరలించారన్నది రెండో రాజుల గ్రంథం 17వ అధ్యాయం చెప్పే సంగతి. ఆ గోజాను ఎక్కడో శతాబ్దాల తరబడి ఎవరికీ తెలియలేదు. 12వ శతాబ్దపు యూదు యాత్రికుడు బెంజమిన్ దాన్ని పర్షియాలోని నది అనుకున్నాడు.

ముడి విప్పింది మట్టిదిబ్బే. ఈశాన్య సిరియాలో, టర్కీ సరిహద్దు దగ్గర ఉందది. పేరు టెల్ హలాఫ్. జర్మన్ పరిశోధకుడు మాక్స్ ఫాన్ ఓపెన్‌హైమ్ 1899లో దాన్ని గుర్తించి, 1911 నుంచి తవ్వించాడు. రాజప్రాసాదం, నల్లరాతి విగ్రహాలు, మట్టిపలకలు బయటపడ్డాయి. అష్షూరు రాతల్లోని 'గుజానా' పట్టణం ఇదేనని తేలింది. పక్కనే పారే ఖాబూరు నదే బైబిల్లోని హాబోరు. శాసనాల ఆధారంగా మన ధరణికోటే నాటి ధాన్యకటకమని తేల్చినట్టే ఇదీనూ!

అక్కడి పలకల్లో ఇశ్రాయేలీయుల తరహా పేర్లూ కనిపించాయి. అంటే గ్రంథం చెప్పిన తరలింపు కట్టుకథ కాదు. కానీ, ఖాబూరు ఒడ్డు నుంచి కృష్ణా తీరానికి వచ్చిన దారి చెప్పే పలకగానీ, శాసనంగానీ లేదు.

ఈ దారి ప్రశ్న చరిత్రకారులదే కాదు. ఇశ్రాయేలు గుర్తిస్తే అక్కడికి వెళ్లి స్థిరపడే వీలుంటుంది. మణిపూర్, మిజోరంలలోని బెనె మెనషేను అక్కడి ప్రధాన రబ్బీల్లో ఒకరు 2005లో ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించారు. కొత్తరెడ్డిపాలేనికి అలాంటి ముద్ర పడలేదు.

ఊరి చివర కూలి బతుకు బతికిన వాళ్లకు 'మనదీ ఒక గొప్ప వంశం' అన్న మాట ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. దానికి రుజువు దొరకాలంటే మాత్రం తవ్వాల్సింది ఇంకా చాలానే ఉంది. అందాకా కొత్తరెడ్డిపాలెం శుక్రవారం దీపాలకు నమ్మకమే చమురు!